నరసింహులు మోసిన మనిషి

బర్మా నుంచి తిరిగొచ్చాక నరసింహులు చంపిన జపాను వాళ్ల సంఖ్య ఏటా పెరుగుతూ వచ్చింది. 1948 నాటికి ముసునూరు తోటల్లో అది నలభై దాటింది. పటాలంలో అతను పట్టిన ఆయుధం వంటశాల గరిటె అన్న సంగతి ఎవరూ అడగలేదు, అతనూ శ్రమపడి చెప్పలేదు.

ఆ నలభై మందీ ఒక ఎత్తు, అతనితో పాటు పటాలంలో చేరిన రత్నబాబు ఒక ఎత్తు. వెనక్కి మళ్లమని ఆర్డరు వచ్చాక, జ్వరంతో పడిపోయిన రత్నబాబుని మూడు రోజులు భుజాన మోశాననీ, తన ఒడిలోనే ప్రాణం పోయిందనీ వాళ్లమ్మ మగ్దలేనమ్మకి చెప్పాడు. అప్పటినుంచి ఆవిడ పెట్టే ఆవకాయలో మొదటి జాడీ ఏటా నరసింహులు ఇంటికి వచ్చేది. వీరుడు కాదనకుండా తినేవాడు.

మామిడి కోతల్లో కూలీల నెత్తికి గంపలెత్తే పని మగ్దలేనమ్మది. నరసింహులు గంప మాత్రం సగమే నింపాలి. నిండుగా ఎత్తితే బండి చేరేలోపు రెండుసార్లు దించేవాడు. "బర్మాలో నడుం పట్టేసిందత్తా" అనేవాడు. వీరుల నడుములు అంతేనని ఊరు సర్దుకుంది.

ఆ వేసవిలో నూజివీడు డేరా సినిమాలో ఇంగ్లీషు యుద్ధం బొమ్మ వేశారు. తెర పక్కన ఒకాయన కర్ర పట్టుకుని కథ తెలుగులో చెబుతున్నాడు. కోత ముఠా బండి కట్టుకెళ్లి నరసింహుల్ని ముందు కూర్చోబెట్టింది.

తెర మీద సోల్జర్లు వెనక్కి మళ్లుతున్నారు. ఎంత శుభ్రంగా మళ్లుతున్నారో! వందల మైళ్లు నడిచినా బూట్లు మెరుస్తున్నాయి, క్రాపు చెదరలేదు. చావబోయేవాడు కూడా చెప్పాల్సిందంతా తీరిగ్గా చెప్పి మరీ చస్తున్నాడు. అంతలో ఒకడు దెబ్బతిన్న స్నేహితుణ్ణి భుజాన వేసుకుని కొండెక్కాడు.

"అదుగో, మన నరసింహులు!" అని ముఠాలోని సుభద్ర అరిచింది. డేరా అంతా ఈలలు.

పక్కన కూర్చున్న మగ్దలేనమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇలాగే మోశావా, నాయనా?"

ఆరేళ్లుగా నాలుక మీదే ఉన్న సమాధానం ఆ పూట రాలేదు. తెర మీద బురద లేని కొండ చూస్తుంటే అసలు కొండ గుర్తొచ్చింది.

"లేదత్తా," అన్నాడు చిన్నగా. "సగం సీసా నీళ్లు పక్కన పెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్లిపోయాను. అప్పటికింకా మాట్లాడుతున్నాడు."

"ఏమన్నాడు?"

"తొందరగా రమ్మన్నాడు."

ఈలలు ఆగలేదు. ఆవిడ తెర వదిలి అతని వైపు తిరిగింది.

"వాడు ఆరడుగుల మనిషి. నీ నెత్తికి గంపెత్తేది నేనే కదరా? సగం గంపకే వంగిపోయేవాడివి వాణ్ణి మూడు రోజులు మోశానంటే నమ్ముతానా?"

"మరి జాడీలెందుకిచ్చావత్తా?"

"ఉప్పు తిన్నవాడు ఎప్పటికైనా నీళ్లు తాగుతాడని. ఆరు జాడీలు పట్టింది నీకు." పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ ఏడు నేను తేను. నువ్వే వచ్చి మోసుకుపో."

మర్నాటికి ఊళ్లో, నరసింహులు రత్నబాబుని మోసిన రోజులు మూడు నుంచి ఏడయ్యాయి. అందరూ కళ్లారా చూశారు మరి, సినిమాలో.

వారం తర్వాత మగ్దలేనమ్మ ఇంట్లోకెల్లా పెద్ద జాడీ అంచుదాకా నింపి, తన చేతుల్తోనే అతని నెత్తికెత్తింది. దారిలో సుభద్ర ఎదురైంది.

"మెడ విరుగుతుంది, కాస్త దించుకో నరసింహులన్నా!"

అతను దించలేదు. వెనక మగ్దలేనమ్మ గుమ్మంలో నుంచుని చూస్తూనే ఉంది.