సారు చూసిన లైన్‌బ్యాకర్

ఎవరూ అడగలేదు. నిన్న నువ్వన్న మాట నిజమే, అన్నా, ఆటగాళ్ల మీద ఆ రిపోర్టులు రాయమని సారునూ నన్నూ ఎవరూ అడగలేదు. అమెరికాలో ఏ టీమూ వాటి కోసం ఎదురుచూడటం లేదు. అయినా రాశాం. కాబట్టి ఇక్కడ వాటి గురించే రాస్తాను.

చదివేవాళ్లకు ముందు అసలు విషయం చెప్పాలి. మంగళవారం పొద్దున మా సారు పోయారు. మనముండే ఈ రిక్కార్టన్ పేటలో మీలో చాలామంది ఆయన్ను కబడ్డీ అంకుల్ అనేవాళ్లు. జగిత్యాల దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి, రిటైరయ్యాక ఇక్కడ నర్సుగా ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆమెను నేను అక్కా అంటాను. నేను సైటులో మూడో అంతస్తు ఎత్తున, కడుతున్న బిల్డింగ్ చుట్టూ నిలబెట్టే స్కాఫోల్డింగ్ పైపులు బిగిస్తుంటే అక్క ఫోన్ చేసింది. నాన్న నిద్ర లేవలేదు అని చెప్పింది. తర్వాత మీ సైటు ఎక్కడ అని అడిగింది. నేను వీధి పేరు, నంబరు అన్నీ చెప్పాను. ఎందుకు చెప్పానో నాకూ తెలియదు.

ఆయన గురించి మన సంఘం పత్రికకు రాయమని నన్నడిగారు. మా ఫ్లాట్‌లో ఉండే గుంటూరు అన్న నిన్న సాయంత్రం వంట చేస్తూ సలహా ఇచ్చాడు. పిల్లలకు కబడ్డీ నేర్పారనీ, పండగలప్పుడు అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేవారనీ రాస్తే సరిపోతుందట. "ఆ అమెరికా ఆట గోల మనకెందుకురా? నీకూ రాదు, ఆయనకీ రాదు. ఎవరడిగారు మిమ్మల్ని?" అన్నాడు. నేను తినకుండా గదిలోకి వెళ్లిపోయాను. కుర్చీల సంగతి మీకందరికీ తెలుసు. ఆదివారాల సంగతి తెలిసినవాణ్ని ఇప్పుడు నేనొక్కణ్నే.

నేను పదహారేళ్లకే స్కూలు మానేశాను. పామర్‌స్టన్ నార్త్ ఊళ్లో ఇంట్లో గొడవపడి ఇక్కడికొచ్చి, రెండేళ్లలో నాలుగు పనులు మారాను. ఒక శనివారం హాగ్లీ పార్కులో బెంచీ ముందు అటూ ఇటూ తిరుగుతూ ఫోన్లో అమ్మతో వాదిస్తున్నాను. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన నేను ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "జర పక్కకు జరుగు బిడ్డా, అడ్డమొస్తున్నవ్" అన్నారు. నా వెనకాల ఏదో క్లబ్ వాళ్లు హెల్మెట్లు పెట్టుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీస్ చేస్తున్నారు. ముందు వరసలో లావుపాటి మనుషులు ఒకరినొకరు తోసుకుంటున్నారు. వాళ్ల వెనక, మధ్యలో ఒకడు నిలబడి, బంతి పట్టుకున్నవాడు ఎటు పరిగెత్తుతాడో కనిపెట్టి, పోయి పడగొడుతున్నాడు. అతన్ని లైన్‌బ్యాకర్ అంటారు. ఆ మాట అప్పటికి సారుకు తెలియదు. "వీడు మన కబడ్డీల కార్నర్ లెక్క. కూతకొచ్చినోని కాళ్లు జూసి పట్టేటోడు" అన్నారు. నేను కూర్చున్నాను. ఆయన నా పేరు అడిగింది ప్రాక్టీస్ అయిపోయాకే.

అమెరికాలో శనివారం ఆడే కాలేజీ మ్యాచ్‌లు మనకు ఆదివారం పొద్దున వస్తాయి. అక్క డ్యూటీకి వెళ్లేది. నేను వాళ్లింటికి వెళ్లేసరికి సారు ల్యాప్‌టాప్ ముందు లాంగ్‌బుక్ తెరిచి, పెన్సిల్ చెక్కి సిద్ధంగా ఉండేవారు. ఏటా ఏప్రిల్ చివర అక్కడి పెద్ద టీములు కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. మొత్తం ఏడు రౌండ్లు, మేటివాళ్లను ముందు రౌండ్లలోనే ఎంచుకుంటారు. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. ఎవడు ఏ రౌండుకు తూగుతాడో సారు ముందే రాసిపెట్టేవారు. జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంపిక చేసిన చెయ్యి కదా, ఊరికే ఉండలేదు.

ప్రతి ఆటనూ మూడుసార్లు చూడాలి. మొదటిసారి బంతిని. రెండోసారి లైన్‌బ్యాకర్ కాళ్లను. మూడోసారి, ఆట అతనికి దూరంగా జరిగిపోతున్నప్పుడు అతనేం చేస్తున్నాడో చూడాలి. పరిగెత్తుతున్నాడా, నడుస్తున్నాడా, నడుం మీద చేతులు పెట్టుకున్నాడా? నాకు మొదటిసారికే విసుగొచ్చేది. మంచి మంచి దెబ్బలన్నీ ఏరి కూర్చిన వీడియోలు నెట్‌లో ఉంటాయి, అవి చూద్దాం అనేవాణ్ని. "గవి పెండ్లి ఫోటోలసొంటివి. అండ్ల అందరు నవ్వుకుంటనే ఉంటరు" అనేవారు సారు. పుస్తకంలో ఆయన గీసుకున్న గడుల్లో ఒకదాని పేరు 'లేచుడు'. కింద పడ్డాక ఎంతసేపటికి లేచాడని. అమెరికాలో ఎవరైనా దాన్ని కొలుస్తారో లేదో తెలియదు. మేం కొలిచేవాళ్లం.

పోయిన సీజన్ మొత్తం మేం ఒక్క కుర్రాణ్నే చూశాం. ఒక చిన్న కాలేజీ లైన్‌బ్యాకర్, నలభై నాలుగో నంబరు. అతను ఎదుటివాణ్ని గుద్దే పద్ధతి నాకు పిచ్చిగా నచ్చింది. సారు కూడా నాలుగు పేజీలు మెచ్చుకుంటూ రాశారు. ముఖ్యంగా కిక్ కొట్టాక బంతి వెంట పరిగెత్తి, దాన్ని అందుకున్నవాణ్ని పడగొట్టిన ట్యాకిళ్ల గురించి. సీజన్ అయిపోయాక పాత మ్యాచ్‌లే మళ్లీ వేసుకుని చూస్తుండగా, ఒక ఆదివారం ఆ ట్యాకిళ్లు చేసినవాడి మోచేతికి తెల్ల పట్టీ ఉండటం చూశాను. మావాడికి లేదు. వెతికితే తెలిసింది, కాలేజీ ఆటలో ఒకే నంబరు ఇద్దరు వేసుకోవచ్చట, ఇద్దరూ ఒకేసారి మైదానంలో లేకుంటే చాలు. నెలలుగా మేం ఇద్దర్ని కలిపి ఒక్కణ్ని చేశాం.

నేను పడీపడీ నవ్వాను. సారు నవ్వలేదు. రబ్బరు తీసుకుని నాలుగు పేజీలూ చెరిపేశారు. పొడి ఊది, కొత్త పేజీ తిప్పి, ఆ రెండోవాడి పేరు రాయడం మొదలుపెట్టారు. వాణ్ని ఏ టీమూ తీసుకోదు సార్, ఎందుకు అన్నాను. "తీస్కోకపోనీ. వాడు చేసింది వాని పేరు మీద ఉండాలె గద" అన్నారు. ఆ రోజంతా ఆ తెల్లపట్టీ కుర్రాడి కోసమే కూర్చున్నాం.

అలా చెరిపేశాక, తర్వాతి ఆదివారం మావాడి మిగతా పేజీల్లో ఒక మచ్చ పెద్దదిగా కనిపించింది. బంతి కదలగానే, ముందుకు దూకే ముందు, అతను ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ప్రతిసారీ. సారు దాని కింద గీత గీశారు. అలాంటి అడుగు ఎవరికి కనిపిస్తుంది, వీడు రెండో రౌండు దాటడు అని నేను వాదించాను. ఐదుకు ముందు కష్టం అన్నారాయన. భయమా సార్ అంటే, "భయం గాదు, తొందర. యాడికన్న పోవాలె అనే తొందర. నిలబడుడు రాదు వానికి" అన్నారు.

స్కాఫోల్డింగ్ మానేసి పెర్త్ వెళ్లిపోతానని అంతకు పది నిమిషాల ముందే ఆయనకు చెప్పాను. ఆ మాట నన్నే అన్నారనుకున్నాను. "మీరెన్నడు ఆడిన్రు సార్ ఈ ఆట? సోఫాల కూసోని రాసుడే గద" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. తెర వైపే చూస్తూ, "ఆడలే. చూసిన. చూసుడు గూడ పనే బిడ్డా" అన్నారు.

నేను లేచి వచ్చేశాను. రెండు ఆదివారాలు వెళ్లలేదు. ఫ్లాట్‌లో పడుకుని ఫోన్ చూసుకున్నాను. ఆయనా ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. తర్వాత మంగళవారం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ వెనకడుగు నాకు మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంది. కనిపించలేదని బుకాయించాను. ఈ ముక్క ఆయనకు చెప్పాల్సింది.

గురువారం అన్నీ అయ్యాక అక్క ఆ లాంగ్‌బుక్ నా చేతికిచ్చింది. రెండు ఆదివారాలూ సారు ఒక్కరే కూర్చుని చూశారు. గడులన్నీ నిండాయి. చివరి పేజీలో 'తీర్పు' అని రాసి ఉంది. దాని ఎదురుగా ఏ రౌండూ లేదు. పెన్సిల్‌తో చిన్నగా, 'పిల్లగాడు వచ్చినంక' అని ఉంది.

నిన్న మొదటి రౌండు అయిపోయింది. సైటులో ఫోన్ పట్టుకుని చూశాను, మావాడి పేరు పిలవలేదు. రెండోది ఇవాళ పదకొండింటికి. ఇప్పుడు తొమ్మిదిన్నర. పేరు పిలిచాక తీర్పు రాస్తే సారు ఒప్పుకోరు. ఈసారి కాళ్లు చూస్తాను, ఏది కనిపిస్తే అదే రాస్తాను. ఐదో రౌండు అని తేలితే ఐదే.

అక్క ఇంట్లో ఆయన ల్యాప్‌టాప్ బల్ల మీద తెరిచే ఉంది. ఆఖరి మ్యాచ్ మధ్యలో ఆపేసి ఉంది, నలభై నాలుగో నంబరు ఒక కాలు పైకెత్తి ఉన్నాడు. మూసెయ్యాల్నా అని గురువారం అక్క అడిగింది. వద్దన్నాను. అప్పటి నుంచి ఛార్జర్ తీయలేదట. తలుపు తీసే ఉంచాను రా అని ఇప్పుడే మెసేజ్ పెట్టింది. ఆ కాలు ఇంకా గాల్లోనే ఉంది. నేను వెళ్లాలి.