మొద్దులో గొడ్డలి, వాకిట్లో భజన

నాకు కట్టెలు కొట్టడం చాలా ఇష్టమని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో అది నాయన పని. ఆయన భజనలు నడిపించే మనిషి కాబట్టి, గోవిందుడి మీద ఒక చరణం పాడితే గాని గొడ్డలి ఎత్తేవాడు కాదు. చరణం పెద్దది, దెబ్బ చిన్నది. ఆయన రోజ్ బెల్ చెరకు తోటకు పనికి వెళ్లాక, మిగిలిన మొద్దులు దొడ్లో ఎవరూ చూడకుండా నేనే చీల్చేదాన్ని.

ఒక ఆదివారం సరుగుడు మొద్దులో గొడ్డలి ఇరుక్కుంది. నాయన దాన్ని లాగుతూ గొంతు పెంచాడు. భజన మొదలైందనుకుని ఇరుగుపొరుగువాళ్లు తాళాలతో వచ్చి వాకిట్లో కూర్చున్నారు. భజనకు వచ్చినవాళ్లను ప్రసాదం పెట్టకుండా పంపడం మా వాళ్లలో లేదు. పొయ్యిలో చూస్తే నిప్పే లేదు.

"పాట ఆపి కట్టె కొట్టరా!" అని మామ్మ లోపలి నుంచి అరిచింది.

"ఎలా ఆపనే అమ్మా? అందరూ అందుకున్నారు!" అన్నాడు నాయన.

నలుగురికి మంచినీళ్లు ఇవ్వాలన్నా వణికే నేను, తల దించుకుని వెళ్లి గొడ్డలి ఊడబెరికాను. తాళం పడినప్పుడల్లా ఒక దెబ్బ వేశాను. మొద్దు పేళ్లు పేళ్లుగా విడిపోయింది. నాయన పాడడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు.

ప్రసాదం తిని లేస్తూ పక్కింటి ముసలమ్మ నా జబ్బలు తడిమి చూసింది.

"బోన్, బాగుంది, రేపు మా ఇంటికి రా తల్లీ. తాళాలు నేనే వాయిస్తా. మీ నాయన్ని మాత్రం తేకు, మాకు పొద్దుగూకే లోపల వంట కావాలి."