రికార్డులో లేనిది

పై కోర్టు జడ్జిగారు మనుషుల మొహాలు చూడరు. చూస్తే మనసు మెత్తబడుతుందని భయం. బెంచి మీద కూర్చోగానే కళ్లద్దాలు ముక్కు చివరికి దించి కాగితాల కట్టలో తల దూర్చారంటే, మళ్లీ ఎత్తేది భోజనం వేళకే. ఇంట్లోనూ అంతే. "నేను జుట్టు కత్తిరించుకున్నా ఈయనకి తెలీదు," అంటుంది భార్య. ఆ రోజు ఇల్లు పోగొట్టుకున్న ఒక లైన్‌మన్ అప్పీలు విచారణకొచ్చింది. అమ్మకం కాగితం మీద అతనే స్వయంగా సంతకం పెట్టాడని కింది కోర్టులు రెండూ తేల్చేశాయి. ఇక్కడ చూడాల్సింది చట్టం ఎక్కడైనా తప్పిందా అన్నదొక్కటే. ప్లీడరు వాదిస్తుండగా వెనక బెంచీలోంచి లైన్‌మన్ లేచాడు.

"అయ్యా, ఒక్కసారి ఇటు చూడండి."

జడ్జిగారు తలెత్తారు. అతని చొక్కా చేతులు రెండూ మోచేతుల దగ్గర ముడివేసి ఉన్నాయి.

"కరెంటు కొట్టి పోయాయయ్యా. ఆ సంతకానికి ఏడాది ముందే."

"ఈ మాట కింది కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

"అప్పటి ప్లీడరు నన్ను బోనెక్కించనే లేదయ్యా."

జడ్జిగారు చూపు మళ్లీ కాగితాల మీదికి దించారు. "రికార్డులో లేనిది మేం చూడకూడదు."

"చూశారు కదయ్యా."

సాయంత్రం, అప్పీలు కొట్టేసిన తీర్పు బల్ల మీదికొచ్చింది. కలం పట్టుకున్న తన వేళ్లకేసి చాలాసేపు చూసి, జడ్జిగారు సంతకం పెట్టారు.