మా మణి చప్పట్లు

మొన్న నిజామాబాద్ బస్టాండులో నా పక్కన కూర్చున్న ఒకామె, తడిగుడ్డలో చుట్టిన బీడీ ఆకు కట్ట విప్పింది. ఆ తడి తునికాకు వాసన తగలగానే నేను ఎక్కవలసిన బస్సు సంగతి మరిచి, బోధన్ పక్కన చెరుకు తోటల మధ్య ఉన్న మా ఇంటి అరుగు మీదికి వెళ్లిపోయాను.

ఎనభైల చివరి రోజులవి. చలి మొదలైతే చాలు, చెరుకు బండ్లు నిద్రలో నడుస్తున్నట్టు చక్కెర ఫ్యాక్టరీ వైపు మెల్లగా కదిలేవి. బండి వెనక నుంచి గడ లాక్కుని నమిలే మా మూతుల చుట్టూ ఈగలు, పొద్దుటి మంచులో కలిసిన పొగ, గాలి నిండా చెరుకు మడ్డి తీపి. బాపు చెరుకు కొట్టడానికి పోయేవాడు, అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది, బాపు వాళ్ల తల్లి, మా అవ్వ, దారిన పోయే ప్రతి ఒక్కరినీ పిలిచి మాట్లాడేది.

ఆ చలికాలంలోనే, అమ్మకు మూడో నెల నడుస్తుండగా, ఒంటి మీద సన్నటి ఎర్రటి దద్దు లేచింది. కాస్త జ్వరం, చెవుల వెనక బిళ్లలు. వాడలో చాలామందికి వచ్చింది, నాకూ వచ్చింది. వేపాకు నీళ్లు పోసుకున్నాం, రెండు మూడు రోజుల్లో పోయింది, అందరం మరిచిపోయాం.

వానల్లో మణి పుట్టింది. బీడీల చాటలో పడుకోబెడితే ఇంకా చోటు మిగిలేంత చిన్నది. ఏడాది దాటినా కూర్చోలేదు. ఒకనాడు అవ్వ చేతిలోంచి ఇత్తడి బిందె జారి బండ మీద పడింది. నేను ఉలిక్కిపడ్డాను, కోళ్లు చెదిరిపోయాయి, మణి మాత్రం వేళ్ల సందుల్లోంచి ఎండను చూసుకుంటూ పడుకుంది. అవ్వ బిందెను మణి తల వెనక మళ్లీ మోగించింది. మణి తిరగలేదు.

కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు అమ్మ ఆకు కత్తిరించిందట, అందుకే పిల్లకు చెవులు రాలేదట. అవ్వ గట్టిగా తిట్టేది కాదు, వచ్చినవాళ్లకల్లా నిట్టూరుస్తూ చెప్పేది. కత్తెర పట్టినప్పుడల్లా అమ్మ చేయి ఒక్క క్షణం ఆగేది.

మణికి మూడేళ్లు నిండాక బాపు అందరినీ నిజామాబాద్ తీసుకెళ్లాడు. డాక్టరమ్మ మణి కళ్లలోకి లైటు వేసి చూసింది, గుండె విన్నది, చెవుల దగ్గర గంట కొట్టింది. కడుపుతో ఉన్నప్పుడు దద్దుతో జ్వరం వచ్చిందా అని అడిగింది. అమ్మకు గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. ఆ జ్వరం పెద్దవాళ్లకు తేలిగ్గానే పోతుందని, కడుపులో చెవులు తయారయ్యే వేళ బిడ్డకు తగిలితే మాత్రం వినికిడి పోవచ్చని, ఎదుగుదల మెల్లగా ఉంటుందని ఆమె చెప్పింది. అమ్మ తల వంచుకునే అడిగింది.

"గ్రహణం నాడు ఆకు కత్తిరించిన డాక్టరమ్మా. గందుకే గిట్లయిందా?"

"కాదమ్మా. జ్వరంతోనే అయింది. నువ్వు చేసిన తప్పేం లేదు."

అమ్మ ఏడవలేదు. శుభ్రంగానే ఉన్న మణి మూతిని కొంగుతో మళ్లీ మళ్లీ తుడిచింది.

తిరుగు బస్సులో అవ్వ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. బోధన్ దగ్గరపడుతుండగా, "పిల్లనియ్యి, నీ చేతులు గుంజుతయి," అని మణిని ఒళ్లోకి తీసుకుంది. గ్రహణం మాట ఆ తర్వాత ఆమె నోట మేం వినలేదు. పొద్దున్నే నువ్వుల నూనెతో మణి కాళ్లు రుద్దేది, గోడకు ఆనించి నిలబెట్టేది, డాక్టరమ్మ చెప్పినట్టు ఎదురుగా కూర్చుని, చేతులు ఆడిస్తూ లోకంలోని ముచ్చట్లన్నీ చెప్పేది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు, తంగేడు పూల మీద సాయంత్రపు ఎండ పడుతూ ఉంది. ఆకుల్లో పెట్టిన, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల చుట్టూ పిల్లలం మూగాం. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతున్నారు. అవ్వ మణి రెండు చేతులూ పట్టుకుని నిలబెట్టింది. మణికి పాట లేదు, వంగి లేచే చేతులే ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసింది. తనకూ చప్పట్లు కొట్టాలనిపించిందేమో, అవ్వ పట్టు విడిపించుకుంది. అందరికంటే కొంచెం వెనకగా చప్పట్లు కొడుతూ, ఒక అడుగు వేసింది, ఊగింది, ఇంకోటి వేసింది.

"సూడే కోడలా," అంది అవ్వ. "నీ బిడ్డ నడుస్తుంది."

అమ్మ చప్పట్లు ఆపకుండానే ఏడ్చింది. ఆ వలయం ఆగలేదు, మణిని లోపలికి తీసుకుని తిరిగింది.

తర్వాత కొన్నేళ్లు మా ఇంట్లో చేతి మాటలే ఎక్కువ. ముక్కుపుడక తాకితే అమ్మ, పిడికిలిని పళ్లకు అడ్డంగా పెడితే చెరుకు, నెత్తి మీద వేళ్లు రాలిస్తే వాన. చాలావరకు అవ్వ కల్పించినవే. మణి నిజామాబాద్‌లో వినబడని పిల్లల బడికి పోయి అసలైన సైగల భాష నేర్చుకున్నాక, మావి పాలపళ్లలా ఒక్కొక్కటే రాలిపోయాయి.

ఇప్పుడు మణి జాకెట్లు కుడుతుంది. ఆమె కొడుకు నోటితోనూ చేతులతోనూ ఒకేసారి పోట్లాడతాడు. ఫ్యాక్టరీ మూతపడింది, గాలిలో తీపి లేదు, అవ్వ లేదు. మొన్న పొద్దుగూకే వేళ మణి ఇంటి మిద్దె మీద కూర్చుని ఉంటే చంద్రుడు లేచాడు. వెన్నెల అని చెప్పడానికి అవ్వ ఏదో సైగ చేసేది, నుదుటి దగ్గర మొదలయ్యేది, ఎంతో అందంగా ఉండేది. మణి, నేను చేతులు అటూ ఇటూ తిప్పి చాలాసేపు ప్రయత్నించాం. ఇద్దరికీ గుర్తు రాలేదు.