దుమ్ము లేని ముఖం

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లున్నాయనగా, ఒక మార్చి నెలాఖరున నన్ను విశాఖపట్నం నుంచి అరకులోయకు డిప్యుటేషన్ మీద వేశారు. ఏజెన్సీ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు వాళ్ల ఇంటి భాషలో వాచకాలు తయారుచేసే చిన్న విభాగం అది. నా హోదా సీనియర్ లేఅవుట్ ఆర్టిస్టు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, చేసేది పేజీలు పేర్చడం, బొమ్మలు బాగుచేయడం, ప్రెస్సువాళ్ల చేత మాటలు పడడం. మోకాళ్ల నొప్పులున్న మనిషిని కొండల్లోకి పంపడమేమిటండీ అని పై అధికారిని అడిగితే, అక్కడ చల్లగా ఉంటుంది కదమ్మా అన్నారు. చల్లదనమే మోకాళ్లకు పడదని ఆయనకు చెప్పే ఓపిక లేక, పెట్టె సర్దుకుని వెళ్లిపోయాను.

ఆ పని ఎలా జరుగుతుందో కాస్త చెప్పాలి. పాఠాలు రాసేదీ, బొమ్మలు వేసేదీ భాషా వాలంటీర్లు. ఆ భాషను ఇంట్లో మాట్లాడుతూ, ఇంటర్ దాకానో డిగ్రీ దాకానో చదువుకున్న గిరిజన యువతీ యువకులన్నమాట. ఏడాది ఒప్పందం మీద పనిచేస్తారు. తమ పుస్తకం అచ్చుకు వెళితేనే మరుసటి ఏడాదికి పొడిగింపు. వాళ్లు కాగితం మీద నల్ల పెన్నుతో బొమ్మ వేస్తే, దాన్ని స్కాన్ చేసి వెక్టర్ ఫైలుగా మారుస్తాం. వెక్టర్ అంటే బొమ్మను గీతలుగా, వంపులుగా లెక్కకట్టి దాచుకోవడం. గోడంత పెంచినా అంచు చెదరదు. చిక్కెక్కడంటే, అలా మార్చే సాఫ్ట్‌వేరుకు గీతకూ దుమ్ముకూ తేడా తెలియదు. కాగితం గరుకు, పెన్ను కక్కిన సిరా, స్కానరు అద్దం మీది నలుసు, అన్నిటినీ బొమ్మలో భాగాలుగానే పట్టేస్తుంది. చిన్న కోడిపుంజు బొమ్మ చుట్టూ వేల చుక్కలు చేరతాయి. మామూలు కంటికి ఆనవు గానీ, ఆ ఫైలు తెరవలేక ప్రెస్సులో మెషీను మొరాయిస్తుంది.

విశాఖలో ఉన్నప్పుడే ఏళ్ల తరబడి ఆ చుక్కల్ని బియ్యంలో రాళ్లు ఏరినట్టు చేత్తో ఏరాను. కళ్లు పాడయ్యాయి, మెడ పట్టేసింది. ఇక నావల్ల కాదనిపించి, ఆ వయసులో వీడియోలు చూసి పైథాన్ నేర్చుకుని ఒక స్క్రిప్టు రాసుకున్నాను. ఫోల్డరులోని బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెరువు, నేను పెట్టిన హద్దు కంటే చిన్న ఆకారాలు తీసెయ్యి, పేజీ బయట పడ్డ గీతలు తీసెయ్యి, ఒకదాని మీద ఒకటి పడ్డ బిందువులు కలిపెయ్యి, దాచెయ్యి అని కంప్యూటరుకు వరసగా చెప్పే ఆజ్ఞలవి. వారం పట్టే పని టీ తాగి వచ్చేసరికి అయిపోయేది. ఆఫీసులో దాన్ని మేడమ్ గారి చీపురు అనేవారు. నా సర్వీసులో నాకు దక్కిన బిరుదు అదొక్కటే కాబట్టి నేనూ కాదనలేదు.

ఆ ఏడాది మా చేతిలో ఉన్నది కువి భాష వాచకం. బొమ్మలు వేసిన అమ్మాయి పేరు బుద్రి. అనంతగిరి మండలంలో, కాఫీ తోటలు దాటి పైకెక్కితే వచ్చే పనసగుడ వాళ్లది. మంచి చెయ్యి. ఆ పిల్ల మేక బొమ్మ వేస్తే మేక మన వంక అనుమానంగా చూసేది. ‘అవ్వ’ అనే పాఠానికి తన సొంత అమ్మమ్మనే చూసి వేసింది. ముక్కుకు మూడు పోగులు, పక్కకు చుట్టిన కొప్పు, మెడనిండా పూసలు, ముందు చేటలో చోళ్లు, అంటే రాగులు. మొదట నోట్లో చుట్ట కూడా ఉండేది. చిన్నపిల్లల పుస్తకంలో చుట్టేమిటని డిప్యూటీ డైరెక్టరు గారు తీయించారు.

అచ్చుకు పంపే ముందు గ్రామ సమ్మతి అని ఒక ఘట్టం ఉంటుంది. నమూనా ప్రతిని ఆ ఊరికి తీసుకెళ్లి, పెద్దల ముందు పేజీ పేజీ చదివి చూపించి, వాళ్ల సంతకాలో వేలిముద్రలో తీసుకోవాలి. అవి లేకపోతే ప్రెస్సుకు ఆర్డరు వెళ్లదు. మే నెలలో జీపు మీద పనసగుడ వెళ్లాం. బడి వరండాలో ఆడవాళ్లంతా చేరారు. కోడిని చూసి నవ్వారు, మేకను చూసి ఇంకా నవ్వారు. తర్వాత అవ్వ పేజీ తిప్పాను. బుద్రి అమ్మమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని, దూరం పెట్టి చూసి, దగ్గర పెట్టి చూసి, సంత తెలుగులో నన్నే అడిగింది.

“సుట్ట తీసేసినారు, సర్లే. మొకం కూడా తీసేసినారేటి?”

నాకు అర్థం కాలేదు. ఆవిడ ముఖం వంక చూశాక అర్థమైంది. నుదుటి మీద పచ్చటి పొట్టి గీతలు, రెండు చెంపల మీద చుక్కల బారు, గడ్డం మీద మరికొన్ని చుక్కలు. చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్లు. కాగితం మీది అవ్వకు అవేవీ లేవు. ముఖం కడిగిన పళ్లెంలా ఉంది.

పక్కన కూర్చున్న ఇంకొక ముసలామె, “పచ్చబొట్టు నేని ముసిల్ది ఏ ఊరిదో మాకేటి తెలుసు? ఇది మా మనిసి కాదు,” అంది. వాళ్ల నమ్మకం నాకు తర్వాత బుద్రి చెప్పింది. పోయినప్పుడు పోగులు తీసేస్తారు, పూసలు తీసేస్తారు. ఒంటితో పాటు వెళ్లేది పచ్చబొట్టు ఒక్కటే. అది లేకుండా వెళితే ముందు పోయిన పెద్దలు ఆనవాలు పట్టరట, దగ్గరకు రానివ్వరట. “ఇంకా బతికే ఉన్నాను కదమ్మా, అప్పుడే పరాయిదాన్ని సేసేసినారా?” అని అవ్వ అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది. వేలిముద్రలకు ఒక్కరూ చెయ్యి చాపలేదు.

బుద్రి నా వెనక నిలబడి, “కంప్యూటరు తీసేసింది అవ్వా. సుబ్బరం సేసేటప్పుడు పోయుంటాది,” అంది. అందరూ నన్ను చూశారు. చిన్న చుక్కలు తీసేయడమే నా స్క్రిప్టు పని. నేనూ అదే అనుకున్నాను. బాగుచేసి తెస్తానని చెప్పి కొండ దిగాను.

డిప్యూటీ డైరెక్టరు గారికి ఫోన్‌లో చెబితే, “చుక్కల కోసం పుస్తకం ఆపుతామా మేడమ్? వేరే ఊళ్లో వేలిముద్రలు వేయించెయ్యండి,” అన్నారు. ఆ ముఖం ఆ ఊరిది సార్ అన్నాను. అయితే బేగి తేల్చమని, నెలాఖరుకు ఫైలు రాకపోతే ఈ ఏడాదికి కువి పుస్తకం లేనట్టేనని చెప్పి పెట్టేశారు. పుస్తకం లేదంటే బుద్రి ఉద్యోగమూ లేదు. ఆ ఇంట్లో నెల జీతమన్నది ఆ పిల్లదొక్కటే. అవ్వ మందులు కూడా అందులోంచే రావాలి.

ఇక వెతుకులాట మొదలైంది. స్క్రిప్టు నడవకముందు ఫైలు తెరిచి చూశాను. అందులోనూ పచ్చబొట్లు లేవు. అంటే తీసింది నా చీపురు కాదు. అంతకు ముందు మెట్టు, బొమ్మను వెక్టరుగా మార్చే సాఫ్ట్‌వేరు. దానిలో మరీ చిన్న మచ్చల్ని వదిలెయ్యమనే ఏర్పాటు ఒకటుంటుంది. అది ఆపేసి మళ్లీ మార్చాను. పేజీ అంతా మిరియాల పొడి చల్లినట్టు దుమ్ము లేచింది. ఆ దుమ్ములో పచ్చబొట్టు చుక్కలెక్కడైనా ఉన్నాయేమోనని కళ్లద్దాల మీద భూతద్దం పెట్టుకుని ఎన్నో గంటలు చూశాను. మెడ నొప్పికి బెల్టు పెట్టుకోవలసి వచ్చింది. ఈ ఉద్యోగం ఎందుకు చేస్తున్నానురా భగవంతుడా అని పైకే అనుకున్నాను.

కాసేపు కళ్లు మూసుకుని, తెరిచి మళ్లీ చూస్తే అప్పుడు తట్టింది. పూసల మధ్య దుమ్ముంది, చేటలో దుమ్ముంది, ఖాళీ జాగాలో దుమ్ముంది. పేజీ మొత్తంలో దుమ్ము లేని చోటు ఆ ముఖం ఒక్కటే. కాగితం గరుకు అక్కడ మాత్రమే లేకుండా పోదు. అక్కడ కాగితం మీద ఇంకేదో ఉందన్నమాట.

అచ్చయ్యేదాకా మూల చిత్రాలు వాలంటీరు దగ్గరే ఉండాలని మా నియమం. తెమ్మని బుద్రికి కబురు చేశాను. ఒకసారి వాన అంది, ఇంకోసారి మరిచిపోయానంది. చివరికి తెచ్చింది. ముఖం మీద వైట్‌నరు, బాగా పల్చగా, జాగ్రత్తగా పూసి ఉంది. కాగితం తిప్పి కిటికీకి ఆనించి పట్టుకుంటే గీతలూ చుక్కలూ అన్నీ వెనక నుంచి కనపడ్డాయి.

ఆఫీసులో చక్కటి తెలుగు మాట్లాడే పిల్ల, ఆ క్షణంలో ఇంటి మాటలోకి జారిపోయింది.

“నానే తీసినాను మేడమ్.”

కింద మైదానంలోని హాస్టల్లో తను చదువుకునే రోజుల్లో అవ్వ ఒకసారి పనసపండు నెత్తిన పెట్టుకుని చూడ్డానికి వచ్చిందట. గేటు దగ్గర పిల్లలంతా గుమిగూడి, మీ ముసలమ్మ ముఖం మీద ఎవరు పిచ్చిగీతలు గీశారే అని నవ్వారట. పదో తరగతి అయ్యేదాకా బుద్రిని గీతలమ్మ మనవరాలనే పిలిచారట. ఇంకెప్పుడూ రావద్దని అవ్వకు తనే చెప్పిందట. “రేపు ఈ పుస్తకం సదివిన మా గుంట పిల్లలే కిందికి సదువుకెళ్తారు మేడమ్. ఆల్ని కూడా నవ్వుతారు. అందుకే తీసేసినాను. అవ్వకి సెప్పకండి. కంప్యూటరనే ఉండనీండి.”

ముందు నాకు ఒళ్లు మండింది. నా మెడ, నా కళ్లు, ఊరందరి ముందు నేను దించుకున్న తల. గట్టిగా నాలుగు దులుపుదామనుకుని ఆ పిల్ల ముఖం చూసి ఊరుకున్నాను. బొమ్మ నీది, ఏం చేస్తావో నువ్వే తేల్చుకో అని చెప్పి, తెల్ల కాగితాలూ పెన్నూ బల్ల మీద పెట్టి నా పనిలో పడ్డాను. బుద్రి కుర్చీ కిటికీ దగ్గరకు జరుపుకుంది. తర్వాత పెన్ను తీసుకుని అవ్వ ముఖం మళ్లీ మొదటి నుంచి వేసింది. నుదుటి గీతలు, చెంపల చుక్కలు, గడ్డం చుక్కలు, ఏ ఒక్కదానికీ ఆగి ఆలోచించలేదు. వేస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉంది.

ఇక్కడ నా వృత్తి గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. కొత్త బొమ్మ మీద స్క్రిప్టు నడిపితే, ఈసారి పచ్చబొట్లను అది నిజంగానే ఊడ్చేసింది. మొదటిసారి దానికి అవకాశం రాలేదంతే. హద్దు తగ్గిస్తే దుమ్ము మిగులుతుంది, పెంచితే చుక్కలు పోతాయి. అవ్వ చుక్కా కాగితం నలుసూ ఒకే కొలత. రెండిటినీ విడదీసే అంకె లేదు. చివరికి పచ్చబొట్లను వేరే పొరలో పెట్టి, ఆ పొర జోలికి పోవద్దని స్క్రిప్టుకు ఇంకో ఆజ్ఞ రాశాను. ఏది ఆ పొరలోకి వెళ్లాలో మాత్రం మనిషే కూర్చుని చూసుకోవాలి.

నెలాఖరు లోపే మళ్లీ పనసగుడ ఎక్కాం. కంప్యూటరు వల్ల పొరపాటు జరిగింది, సరిచేశామని అందరికీ నేనే చెప్పాను. బుద్రి స్తంభం పక్కన నిలబడింది. అవ్వ కాగితం ఒళ్లో పెట్టుకుని, బొమ్మ మీది ఒక్కో గీతనూ వేలితో తడిమి, తన ముఖం మీది గీతను తడిమి చూసుకుంది. లెక్క సరిపోయినట్టుంది. తల ఎత్తి మనవరాలిని కాసేపు చూసి, ఆ తర్వాత నావైపు తిరిగింది.

“ఏటమ్మా, నీ కంప్యూటరు కూడా హాస్టల్లోనే సదివిందేటి?”

మిగతా ఆడవాళ్లు అర్థం కాకపోయినా నవ్వారు. బుద్రి నవ్వలేదు. అవ్వ తనే సిరా డబ్బా దగ్గరకు లాక్కుని, బొటనవేలు ముంచి, అందరికంటే ముందు ముద్ర వేసింది. “పిల్లలు నవ్వుతారు. నవ్వనీ,” అంది కువిలో. ఆ మాట నాకు తెలుగులో చెప్పడానికి బుద్రికి కొంచెం సమయం పట్టింది.

పుస్తకం అచ్చయింది, బుద్రికి పొడిగింపు వచ్చింది. నేను రిటైరయ్యేదాకా రెండు విషయాలు పాటించాను. బొమ్మలో ఏదైనా కనపడకపోతే ముందు ప్రోగ్రాం తెరవకుండా, వేసిన మనిషిని కూర్చోబెట్టి అడగడం. ఫైలు శుభ్రం చెయ్యమని ఎవరైనా పంపితే, ఎవరి కంటికి శుభ్రంగా కనపడాలో కనుక్కోవడం. రెండిటివల్లా పని ఆలస్యమవుతుంది. పైవాళ్లు విసుక్కుంటారు. అయినా అడగకుండా మొదలుపెట్టకూడదు.