రెండు పక్కలా విప్పిన కారు

టైలరమ్మ షాపు మూసేసిందంటే వీధిలో ఎవరూ నమ్మలేదు. మోకాళ్ళ నొప్పులని కొందరు, ఇక విశ్రాంతి తీసుకుందామనుకుందేమోనని కొందరు, తలా ఒక మాట అన్నారు. అసలు సంగతి మొగుడికి తప్ప ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కుట్టిచ్చిన కోటు ఒకటి, దాని వెనకే ఇంకొకటి తిరిగొచ్చాయి. భుజం ఒకవైపు దిగిందన్నారు. కుట్టింది తిరిగి రావడం ఏ టైలరుకైనా ఉన్నదే, దానికి ఆవిడ బెదరలేదు. కోటును బొమ్మకి తొడిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసింది. ఏ భుజం దిగిందో కనపడలేదు. టేపు పెడితే గాని తెలియలేదు. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, ఛాతీ ఎంతో నడుమెంతో చెప్పేసే కన్ను అది. ఆ సాయంత్రమే షట్టర్ దించేసి తాళం వేసింది.

మొగుడు పాత సినిమా హాల్లో ఆపరేటరుగా చేసి రిటైరైనవాడు. హాలు మూసేసినప్పుడు ఓనరు తన గ్యారేజీలో పడి ఉన్న కారును ఆయనకి ఇచ్చేశాడు. పైకప్పు గుడ్డతో ఉండి, గొడుగులా వెనక్కి మడుచుకునే రకం. ఇంటి పక్క రేకుల షెడ్డులో అది ఏళ్ళ తరబడి టార్పాలిన్ కింద ఉంది. ఆయన ఆదివారం టార్పాలిన్ తీసి, స్టీరింగు ముందు కూర్చుని పేపరంతా చదివి, మళ్ళీ జాగ్రత్తగా కప్పి వచ్చేవాడు.

"ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని ఆవిడ అడిగేది.

"మంచి రేకు దొరకాలి కదే," అనేవాడు. రేకు ఊళ్ళో దొరక్క కాదు, ఆయన వెతక్క. మాటల్లో అయితే ఆ కారు అప్పటికే ఎన్నోసార్లు రోడ్డెక్కింది.

షాపు మూశాక ఏమీ తోచక ఆవిడే ఒకరోజు షెడ్డులోకి వెళ్ళింది. మడ్‌గార్డ్ మీద వేలు పెట్టి నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది, లోపల మాత్రం అంతా తుప్పు. ఆవిడ కాసేపు దాని చుట్టూ తిరిగింది. ఈ రేకులు తీసేసి, కొత్తవి కత్తిరించి, చక్కగా కూర్చోబెట్టగలిగితే నా కన్ను ఇంకా ఉన్నట్టు, లేదంటే కత్తెర కూడా ఎవరికైనా ఇచ్చేద్దాం అనుకుంది. ఈ మాట మొగుడికి కూడా చెప్పలేదు.

సాయానికి మరిదిని పిలిచింది. అతనికి గేట్లు, కిటికీ ఊచలు చేసే వెల్డింగ్ షాపు ఉంది. కార్ల పని ఎన్నడూ చెయ్యలేదు. "అన్నయ్య చేస్తానన్న పని నువ్వు చేస్తున్నావా వదినా? అయితే అయిపోతుందిలే," అన్నాడు. అన్నయ్య పేపరు మడిచి, "వినపడుతోందిరా," అన్నాడు.

పని ఆవిడ తన పద్ధతిలోనే చేసింది. తుప్పు పట్టిన భాగం మీద దళసరి కాగితం పరిచి, బొగ్గుతో అంచులు అద్ది, కత్తిరించి నమూనా తీసేది. ఎడమ పక్క నమూనా తిరగేస్తే కుడి పక్కది. నమూనా ప్రకారం మరిది రేకు కోసేవాడు. వంపులు తేవడానికి ఇసుక సంచి కావాలంటే మందపాటి గుడ్డకి రెండు వరసల కుట్టు వేసి ఆవిడే కుట్టిచ్చింది. దాని మీద రేకు పెట్టి చెక్కసుత్తితో మెల్లమెల్లగా కొడితే మడ్‌గార్డ్ గుండ్రం వచ్చింది. బిగించి చూస్తే అతుకు ఎక్కడుందో మరిదికే తెలియలేదు. ఆ రాత్రి ఆవిడ అన్నం రెండోసారి వడ్డించుకుంది. చాలా రోజులకి.

తరవాత డిక్కీ అడుగు అయింది. ఆ తరవాత గడపలు. తలుపుల కింద కారు పొడుగునా, ఇటొకటి అటొకటి, రేకుతో చేసిన పెట్టెల్లాంటివి ఉంటాయి. లోపలికి ఎక్కేటప్పుడు దాటాలి కాబట్టి వాటికి మరిది పెట్టుకున్న పేరది. రెండూ జల్లెడలయి ఉన్నాయి. బరువని తలుపులు ఊడదీసి గోడకి ఆనించారు. కారును ముందూ వెనకా స్టాండ్ల మీద నిలబెట్టారు.

"ఒకదాని తరవాత ఒకటి చేద్దామా వదినా?" అని మరిది కట్టర్ చేతిలో పట్టుకుని అడిగాడు.

"అదెలా కుదురుతుంది? కోటు వదులు చెయ్యాలన్నా బిగించాలన్నా రెండు పక్కలా ఒకేసారి విప్పాలి. ఒకటి విప్పి ఒకటి ఉంచావనుకో, రెండోది మొదటిదాని మీద అలుగుతుంది. ఎంతమందికి నేర్పానో ఈ మాట."

"నడుమ ఏదైనా ఆనించాలేమో మరి?"

"గేట్లు చేసేవాడివి నీకెందుకయ్యా నడుములు?" అంది. అందరూ నవ్వారు. మరిది రెండు పక్కలా కోసేశాడు. వదిన మాటకి ఎదురు చెప్పడం అతని వంట్లో లేదు.

కొత్త గడపలు ముచ్చటగా కూర్చున్నాయి. వెల్డింగ్ పూర్తయింది, సాన పట్టడం పూర్తయింది. తలుపు తెచ్చి బందులకి బిగించి మూశారు. మూసుకోలేదు. పైమూల వెనక రేకుకి కొట్టుకుంది. కింద మాత్రం వేలు పట్టేంత సందు. రెండో తలుపూ అంతే. మొగుడు భుజం పెట్టి తోశాడు. "ఏవండీ, వదిలేయండి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ షెడ్డు వైపు రాలేదు. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పింది. చెయ్యి పోయిందనీ, కన్ను పోయిందనీ, ఇక తను దేనికీ కొరగాదనీ నిశ్చయం చేసుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, ఎవరినీ విసుక్కోలేదు. మొగుడు ఒకటికి రెండుసార్లు టీ పెట్టి ఇచ్చాడు. ఆ టీ తాగడం కూడా ఆవిడకి శిక్షలోనే జమ అయింది.

ఒకరోజు మరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తప్పు నాదే అయుంటుంది వదినా. వేడికి రేకు గుంజిందేమో. నీ కొలతలు తప్పవు."

ఆవిడకి ఒళ్ళు మండింది. తన తప్పు ఇంకొకడు నెత్తిన వేసుకోవడం ఆవిడ చూస్తూ ఊరుకునే రకం కాదు. "పద చూద్దాం," అని లేచింది.

నమూనాలు తెచ్చి గడపల మీద పెట్టింది. ఎడమది సరిపోయింది. తిరగేసి కుడివైపు పెడితే అదీ సరిపోయింది. మూలలు మూలల మీదే ఉన్నాయి. మరి తేడా ఎక్కడ? కాసేపు ఆలోచించి దారపు రీలు తీసింది. కారు పక్కల్లో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గీత ఉంటుంది. దాని వెంట దారం లాగి పట్టుకోమని ముందు మొగుణ్ణీ, వెనక మరిదినీ నిలబెట్టింది. రెండు చివర్లా దారం గీత మీదే ఉంది. నడుమ మాత్రం గీత దారం కన్నా కిందికి దిగిపోయి ఉంది.

"కారు నడుం జారింది వదినా," అన్నాడు మరిది. "మామూలు కారుకైతే పైన కప్పు ఉండి పట్టుకుంటుంది. దీనికి పైన గుడ్డే కదా. ఈ రెండు గడపలే దాని నడుం. రెండూ ఒకేసారి కోసేశాం, కుంగింది. కుంగినదాన్ని కుంగినట్టే అతికేశాం."

"నేనే కోయమన్నాను," అంది ఆవిడ.

"నేనే కోశాను."

"నేను చూస్తూ కూర్చున్నాను," అన్నాడు మొగుడు. "అది మాత్రం ఎవరూ కాదనలేరు."

కత్తిరింపు తప్పలేదన్నందుకు ఆవిడకి కొంత ఊరట కలిగింది. అబద్ధమెందుకు, కొంతే. నమూనా పెట్టి అద్దుకుంటే ఎవరికైనా వస్తుంది, అందులో కన్ను గొప్పేముంది అని లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

పని మళ్ళీ మొదలైంది. అంత నున్నగా సాన పట్టిన అతుకులను మరిది కోస్తుంటే ఆవిడ మొహం తిప్పుకోకుండా చూసింది. నడుమ కింద దుంగ పెట్టి, దాని కింద జాకీ పెట్టి, కొంచెం కొంచెంగా లేపారు. ఈసారి తలుపులు బందులకే ఉంచారు, సందు ఎంత తేరుకుంటోందో తెలియాలి కదా. దారం గీత మీదికి రాగానే లోపలి వైపు తలుపు ద్వారాలకి అడ్డంగా ఇనపకడ్డీలు అతికి బిగించారు. ఇక కారు ఎటూ కదలదని తేల్చుకున్నాకే ఎడమ గడప అతికారు. అది చల్లారాక కుడిది. ఒక పక్క అయ్యాకే రెండో పక్క. ఆ మాట ఈసారి ఆవిడ నోటి నుంచే వచ్చింది.

కడ్డీలు కోసేసి జాకీ దించిన రోజు మొగుడు తలుపు పట్టుకుని ఒక్క తోపు తోశాడు. టప్పున మూసుకుంది. ఆయన సంబరానికి పట్టపగ్గాల్లేవు. తీస్తాడు, మూస్తాడు, తీస్తాడు. మరిది చేతులు తుడుచుకుంటూ రెండో తలుపు మూశాడు. అదీ మూసుకుంది.

ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది. చాలాసేపు చూసింది.

"కుడి తలుపు వెనక సందు కింద ఎక్కువుంది," అంది.

"ఎక్కడ వదినా? సమానంగానే ఉందిగా," అని మరిది వంగి చూశాడు, కూర్చుని చూశాడు.

"దీని చాదస్తంరా. మూసుకుంది కదా, ఇంకేం కావాలి," అన్నాడు మొగుడు.

మరిది వదిన మాట కాదనలేక ఒక పల్చటి రేకు ముక్క తెచ్చి సందులో దూర్చాడు. పైన బిగుతుగా పట్టింది. కిందికి జరుపుతూ పోతే అడుగున వదులుగా ఆడింది. రేకు ముక్కను ఆడిస్తూ అతను వదిన వైపు చూశాడు. "నిజమే వదినా. వెంట్రుకవాసి ఉంది. బందు కాస్త సడలిస్తే సర్దుకుంటుంది."

ఆవిడ అక్కడున్న ఇసుక సంచి మీద కూలబడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. షాపు మూసిన రోజున కూడా అలా ఏడవలేదు.

మొగుడు కంగారుపడి తలుపు వదిలేసి వచ్చాడు. "ఇంత మాత్రానికి ఏడుస్తారుటే ఎవరైనా? వాడు సరిచేస్తానంటున్నాడుగా. అయినా అంత సందు ఎవరికి కనపడుతుంది?"

"నాకు కనపడిందండీ," అంది ఆవిడ.