ఆంటీ దాటనివ్వని వాక్యం

పైఅంతస్తు ఆంటీ పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను గుర్‌గావ్ ఆఫీసులో మీటింగులో ఉన్నాను. "నిద్రలోనే పోయారే. మొహం చూస్తే నమ్మబుద్ధి కాలేదు" అంది అమ్మ. ఆ తర్వాత మీటింగులో ఎవరేం మాట్లాడారో నాకు గుర్తులేదు. నాకు చదవడం నేర్పిన మనిషి వెళ్ళిపోయారు. నేర్పారంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు, అది వేరే సంగతి.

నా చిన్నప్పుడు ఢిల్లీలో మావి కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు. కింద మేము, పైన కాకినాడ నుంచి వచ్చిన ఆంటీ, ఏదో మంత్రిత్వశాఖలో పనిచేసే అంకుల్. పొద్దున్నే కాలనీ పార్కులో ఆంటీ ఆడవాళ్ళచేత యోగాసనాలు వేయించేవారు. పంజాబీ, బెంగాలీ ఆంటీలంతా "దీదీ, ఏక్ బార్ ఫిర్" అంటూ, ఇంకోసారి చూపించమని చుట్టూ మూగేవారు. ఆవిడకసలు వెన్నెముక ఉందా అని మా అమ్మ అనుమానం. పుస్తకాలంటే మాత్రం ఆంటీకి వేళాకోళం. "ఒళ్ళు వంగనివాళ్ళు చదువుకుంటార్లే" అనేవారు.

తర్వాత కుడిచెయ్యి వణకడం మొదలైంది. నరాల జబ్బు, తగ్గేది కాదు, అదుపులో పెట్టుకోవడమే అన్నారు డాక్టర్లు. ఆసనాలు ఒకటొకటిగా ఆవిడను వదిలిపోయాయి. పార్కుకు వెళ్ళడం మానేశారు. "ఆసనం పోతే యోగం కూడా పోయినట్టేనాండీ? నాకదొక్కటీ తేలాలి" అని అమ్మతో అన్నారట. అంకుల్ ఊరెళ్ళినప్పుడు యోగతత్త్వం మీద తెలుగులో దొరికిన పుస్తకాలన్నీ మోసుకొచ్చారు.

చేత్తో పట్టుకుంటే పుస్తకం వణికేది, బల్లమీద పెడితే తల వణికేది. అంకుల్ చదివి వినిపిస్తే ఆవిడకు చిరాకు. "ఏవండీ, మీరు ఫైలు చదివినట్టు చదివేస్తారు. చివర్న సంతకం కూడా పెట్టమంటారా?" అనేవారు. అందుకని ఆదివారాలు నన్ను పిలిచేవారు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన నాకు తెలుగు అక్షరాలు వచ్చుగానీ, కూడబలుక్కుంటేనే చదువు సాగేది. నేను సిగ్గుపడితే, "ఇలాగే చదువమ్మడూ. నీ వెనకాల నెమ్మదిగా రావడానికి నాకు హాయిగా ఉంది" అన్నారు. ఇవాళ ఈ నాలుగు మాటలు తెలుగులో రాస్తున్నానంటే ఆ ఆదివారాల చలవే.

ఒంట్లో జరిగేదంతా చూస్తూ ఉండేది ఒకటుంటుంది, అది మాత్రం కదలదు అనే అర్థం వచ్చే వాక్యం ఒకరోజు తగిలింది. ఆంటీ నన్ను ఆపారు.

"కదలదా? ఏదీ, మళ్ళీ చదువు."

చదివాను. ఆవిడ తన చేతివంక చూసుకున్నారు. "సరే, చూద్దాం. అబద్ధమైతే పుస్తకం పాతపేపర్లవాడికి వేసేద్దాం."

ఆ తర్వాత ఆవిడ నన్ను పేజీ తిప్పనివ్వలేదు. ఆదివారం వెళ్ళడం, ఆ వాక్యమే చదవడం, ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చోవడం. "ఆంటీ, ఆగే చలేఁ?" అని ముందుకెళ్దామంటే, "అది తేలకుండా ఎలాగే? మెట్టుందో లేదో చూడకుండా కాలేస్తావా?" అనేవారు. ఒక్కోసారి కళ్ళు తెరిచి, "ఏం లేదే. భయం ఒక్కటే కనపడుతోంది" అనేవారు. ఎండలు పోయాయి, వానలు పోయాయి, కూలర్లు కట్టిపెట్టి రజాయిలు తీశాం. మేమింకా ఆ వాక్యం దగ్గరే ఉన్నాం.

ఒక చలికాలం ఉదయం డాబామీద ఎండలో కూర్చున్నాం. చాలాసేపటికి ఆంటీ కళ్ళు తెరిచి, పసివాడి అల్లరి చూస్తున్నట్టు తన చేతిని చూశారు. "చెయ్యి వణుకుతోందే. నేను వణకట్లేదు" అన్నారు. నేను ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండిపోయాను. ఆవిడే నవ్వి, "ఏవిటలా గుడ్లప్పగించి చూస్తావు? పేజీ తిప్పు" అన్నారు.

యోగం గురించి మాట్లాడేవాళ్ళను ఆ తర్వాత చాలామందిని విన్నాను. చదివిన మాటను ఇలా తన ఒంటిమీదే తేల్చుకున్న మనిషిని మాత్రం మరొకరిని చూడలేదు.

మరుసటి ఆదివారం పార్కుకు తీసుకెళ్ళమన్నారు. అంకులూ నేనూ చెరో పక్కా పట్టుకుని నడిపించి, పచ్చికలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. "దీదీ, ఆజ్ కౌన్‌సా ఆసన్?" అంది ఒక పంజాబీ ఆంటీ, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆజ్ బస్ బైఠో. అందర్ దేఖో, కౌన్ హిల్ రహా హై" అన్నారు ఆంటీ, తన కాకినాడ హిందీలో. ఇవాళ ఊరికే కూర్చుని, కదులుతున్నదెవరో లోపల చూసుకోమని.

అందరూ చాపలమీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. మంచు విడిపోతోంది, ఎండ మెల్లగా పచ్చికమీదికి వస్తోంది. అక్కడ కదులుతున్నది ఆంటీ చెయ్యి ఒక్కటే.